వేదపాఠము యథాశ్రుతముగా నిలిచినదా?

వేదములు చిరకాలము వ్రాఁతకెక్కక గురుశిష్యపరంపరచే ముఖతః వచ్చినవి. ఇట్లు వచ్చిన పాఠము తొలుత నెట్లుండెనో నేఁడు నట్లే యున్నదా యను ప్రశ్నమునకు రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. ఒక్క యక్షరమైనను జెడలేదని కొందఱు. నోట వచ్చినది నిలువనేరదని మఱికొందఱు. ఈ రెండు పక్షములందును విషయవిభాగము కొఱవడినది. శబ్దము నిలుచుట వేఱు. శాఖలన్నియు నిలుచుట వేఱు. అర్థము నిలుచుట వేఱు. ఋగ్వేదశాకలసంహితను బ్రధానముగాఁ గొని యీ మూఁటిని విడివిడిగాఁ బరీక్షించినచో సత్యము తేటపడును.

మొదట శబ్దరక్షణోపాయము. శాకల్యుఁడు సంహితను బదములుగా విడఁదీసి పదపాఠమును గావించెను. మొదటిపదమును రెండవదానితోను, రెండవదానిని మూఁడవదానితోను జంటలుగాఁ గూర్చి చదువుట క్రమము. ఆ జంటను ముందునకును, వెనుకకును, మరల ముందునకును జదువుట జట. జంటను ముందునకును వెనుకకును జదివి, పిమ్మట మూఁడవపదమును జేర్చి మూఁటిని ముందునకును, వెనుకకును, మరల ముందునకును ద్రిప్పుట ఘనము. క్రమమున నొక పదము జాఱినచో రెండు జంటలు చెడును. జటాఘనములందుఁ బదముల వరుస తాఱుమాఱగుటచే సంధియు స్వరమును మాఱును. కావున నలవాటు ధోరణి యక్కడఁ జెల్లదు. ప్రతిపదము రూపమును నెఱిఁగియే పలుకవలయును.

ఉపాయము కలదన్నంతమాత్రమున ఫలము సిద్ధించెనని చెప్పరాదు. దిద్దుటకుఁ గారణమున్న చోటఁ గూడ దిద్దకుండిరా యనునదియే నిజమైన పరీక్ష. ఇందులకు మూఁడు సాక్ష్యములు చాలును.

సావిత్రీమంత్రము గాయత్రీచ్ఛందస్సు, 24 అక్షరము లుండవలయును. పఠింపఁబడునవి 23 మాత్రమే. ఇట్టి కొఱఁతను "ఇయ" మొదలగువానితోఁ బూరింపవచ్చునని పింగళుఁడు సూత్రించెను. ఆ ప్రకారము "వరేణియమ్" అని లెక్కింతురు. సంహితలో మాత్రము "వరేణ్యమ్" అనియే నిలిచినది.

రెండవది దశమమండలమున 29వ సూక్తము మొదటి ఋక్కు. అందలి "వాయో" అను భాగమును శాకల్యుఁడు "వా", "యః" అని రెండుగా విడఁదీసెను. యాస్కుఁడు నిరుక్తమున దీనిని ఖండించెను. యచ్ఛబ్దమున్నచోఁ గ్రియాపదము ఉదాత్తయుక్తము కావలయును. అది యిక్కడ లేదు, అర్థమును బూర్తికాదు. కావున "వాయః" అని యేకపదమే, పక్షిపిల్ల యని యర్థము. వాదము బలమైనది. ఐనను శాకల్యుని విభాగము పదపాఠమున నేఁటికి నట్లే యున్నది. విభాగమునకు సరిపడునట్లు స్వరమును మార్పలేదు. స్వరమునకు సరిపడునట్లు విభాగమును మార్పలేదు.

మూఁడవది వ్యాకరణసాక్ష్యము. పదపాఠమున బోధార్థము చేర్పఁబడిన "ఇతి" శబ్దమును బాణిని 1-1-16 సూత్రమున అనార్షమని పేర్కొనెను. ఋషిప్రోక్తమేదియో, పదకారుఁడు చేర్చినదేదియో వైయాకరణులు మఱవలేదు. పదకారులే లక్షణము ననుసరింపవలయును గాని లక్షణము పదకారుల ననుసరింపనక్కఱలేదని పతంజలి నిర్ణయించుటయు నిందువలననే.

ఇంక నీ రక్షణమునకుఁ గల యవధి. అది పదపాఠమునుండియే మొదలు. "పావక" శబ్దమున్న పెక్కుచోట్ల ఛందస్సు "పవాక" అను నుచ్చారణమును గోరుచున్నదని పరిశోధకులు చూపిరి. దీనినిబట్టి పాఠము స్థిరపడుటకు మున్నే కొన్ని మార్పులు జరిగినవని తెలియును. కావలి పెట్టకమునుపు జరిగినదానికిఁ గావలివాఁడు సాక్షి కానేరఁడు. త్ర్యంబకమంత్రమును, దశమమండలాంతమున నఘమర్షణసూక్తపు మూఁడు ఋక్కులును గలిపి మొత్త మాఱు ఋక్కులకు శాకల్యుని పదవిభాగము లేదు. తరువాతివా రెవ్వరు నా లోటును దమ విభాగముతోఁ బూరింపలేదు. లోటును లోటుగానే యప్పగించిరి.

శాఖల విషయము వేఱు. ఋగ్వేదమునకు 21, యజుస్సునకు 101, సామమునకు 1000, అథర్వమునకు 9 అని పతంజలి లెక్కించెను. వానిలో నధికభాగము నశించినది. అథర్వణపైప్పలాదశాఖకు గాశ్మీరమున దొరకిన భూర్జపత్రప్రతి మిక్కిలి యపపాఠభూయిష్ఠము. 20వ శతాబ్దమధ్యమున దుర్గామోహన భట్టాచార్యుఁ డొడిసాలో నా శాఖవారి యిండ్లఁ గనుగొన్న తాళపత్రప్రతులు మేలైన పాఠముల నిచ్చినవి. అధ్యేతలు లేనిచోట వ్రాఁత యొక్కటియే పాఠమును గాపాడఁజాలదు.

అర్థమున కింతటి కావలియు లేదు. మంత్రము లనర్థకములని కౌత్సుఁడు వాదించెనని నిరుక్తమే చెప్పుచున్నది. యాస్కుఁ డా వాదమును ఖండించెను గాని, "నాసత్య" శబ్దమునకుఁ దానే మూఁడు వ్యుత్పత్తులు చూపెను: సత్యస్వరూపులని యొకటి, సత్యప్రణేతలని యొకటి, నాసికనుండి పుట్టినవారని యొకటి. అర్థపరంపర యవిచ్ఛిన్నమైనచో నొకదేవతానామమునకు మూఁడు వ్యుత్పత్తు లేల?

కావున సిద్ధాంతమిది. పదపాఠకాలమునుండి శబ్దము విశ్వసనీయము, శాఖాసమగ్రత లేదు, అర్థము ప్రతిస్థలమునను విచార్యము. శబ్దమునకుఁ గల ప్రామాణ్యము నేదో యొక వ్యాఖ్యానమున కారోపించుట యెట్లు దోషమో, అర్థము పొసఁగలేదని పాఠమును దిద్దుటయు నట్లే దోషము. ఆంధ్రదేశమున విశేషముగా నధ్యయనము చేయఁబడు తైత్తిరీయమునకు నాత్రేయుని పదపాఠము కలదు. ఆ శాఖను ముద్రించువారు ప్రతులను సరిచూచుటతోఁ దనివినొందక, ఘనపాఠిని గూర్చుండఁబెట్టి విని మఱి యచ్చునకుఁ బంపవలయును. సందేహమున్నచో నది పుటయడుగున నుండవలయును గాని మూలమునఁ జొరరాదు.