పెనిన్సులా హోటల్ (హాంగ్‌కాంగ్)

పెనిన్సులా హోటల్ హాంగ్‌కాంగ్‌లోని కౌలూన్ ద్వీపకల్పపు దక్షిణ కొనన, విక్టోరియా హార్బరు సమీపంలో ఉన్న విలాసవంతమైన హోటల్. ఇది 1928 డిసెంబరు 11న ప్రారంభమైనది. ఓడరేవు, అప్పటి కౌలూన్ రైల్వే స్టేషను చేరువలో ఉండుటచే దూరప్రయాణీకులకు ఇది అనుకూలమైన బస అయినది.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం కౌలూన్‌ను ఆక్రమించి ఈ హోటల్‌ను తన కేంద్రంగా చేసుకొన్నది. 1941 డిసెంబరు 25న బ్రిటీషు గవర్నరు మార్క్ యంగ్ హాంగ్‌కాంగ్ ద్వీపం నుండి హార్బరు దాటి వచ్చి ఇక్కడే లొంగిపోయాడు.

ఎదుటి తీరంలో 1980లో అంతరిక్ష మ్యూజియం, 1989లో సాంస్కృతిక కేంద్రం ప్రారంభమైన తరువాత పాత గదుల నుండి హార్బరు దృశ్యం చాలావరకు మరుగుపడినది. 1994లో వెనుక భాగాన 30 అంతస్తుల టవరు పూర్తి కావడంతో, పై అంతస్తులలో బసచేసేవారికి ఆ దృశ్యం తిరిగి లభించినది.