చిమ్మనగ్రోవియా, తుపాకియా?

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పెండ్లిండ్లయందును, దేవుని ఉత్సవములయందును వసంతము చల్లుకొనుట పెద్దలెఱిగిన వేడుక. పసుపును సున్నమును కలిపిన ఎఱ్ఱని నీటిని చిమ్ము గొట్టమునకు చిమ్మనగ్రోవి యని పేరు. దానిని గుఱిచూచియే ఎదుటివానిపై ప్రయోగింతురు. అయినను దానిని చూచి బెదరువారు లేరు.

పెయింట్‌బాల్ అను ఆటయు ఒకరిపై నొకరు రంగు వేసికొనుటయే. హైదరాబాదు పరిసరములలోని విహారస్థలములలో దీనిని ఆడించుచున్నారు. జిలటిన్ పొరలో రంగు నింపిన గుళిక, గాలి ఒత్తిడిచే వెలువడి, తగిలినచోట పగులును. రంగు అంటినవాడు ఆటనుండి తొలగవలెను. ఇంతమాత్రపు ఆటను చూచి కొందఱు యుద్ధాభ్యాసమని ఏల శంకింతురు?

గిద్దలూరును ఆనుకొనియున్న నల్లమలవంటి అడవులలో, నఱకదగిన చెట్టుకు ముందుగా గుర్తు వేయుట అటవీ ఉద్యోగుల పని. మన దేశమున సుత్తితో ముద్ర వేయు పద్ధతి కలదు. అమెరికాలో దూరమునుండియే చెట్లకును పశువులకును రంగు గుర్తు వేయుటకై ఒక పరికరమును కల్పించిరి. గుర్తు వేయునది గనుక అది మార్కర్. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని హెన్నికర్ అడవిలో 12 మంది ఈ పరికరములను చేతబట్టి, జెండాలను సేకరించు పందెము ఆడిరి. గెలిచినవాడు అడవి పనియందు ఆరితేరిన ఉద్యోగి. అతడు ఒక్క గుళికనైనను ప్రయోగింపలేదు!

అయితే ఆ ఆటకు వారు పెట్టిన పేరు ‘సర్వైవల్ గేమ్’, అనగా ప్రాణములు దక్కించుకొను ఆట. మార్కరును తుపాకి యనిరి. రంగు అంటినవాడు ‘చచ్చెను’ అనిరి. సైనికుల మచ్చల దుస్తులు వచ్చినవి. సైనిక తుపాకులను పోలిన పరికరములును వచ్చినవి. చూచువాడు రంగును మఱచి రూపమునే చూచెను.

దీని ఫలితము జర్మనీలో కనబడినది. 2009 మార్చిలో విన్నెండెన్ పట్టణమున ఒక యువకుడు నిజమైన పిస్తోలుతో 15 మందిని చంపెను. ఆ ఘోరమున పెయింట్‌బాల్ పరికరము సాధనము కాదు. అయినను మే నెలలో అచ్చటి పాలకపక్షములు ఈ ఆటను నిషేధింప దలచి, పిమ్మట విరమించుకొనిరి.

పోటీలాడువారు క్రమముగా ‘మార్కర్’, ‘ఔటు’ అను మాటలనే వాడసాగిరి. రంగురంగుల జెర్సీలు ధరించి, అడవిని విడిచి, గాలి నింపిన మెత్తని అడ్డుల నడుమ మైదానమున ఆడసాగిరి. ఇది వట్టి నటన యని వాదించు ఆటగాండ్రును కలరు. వారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. ఏ పేరుతో పిలిచినను సెకండునకు 300 అడుగుల వేగముతో వచ్చు గుళిక కంటిని పోగొట్టగలదు. ముఖకవచము లేనిదే మైదానమున అడుగిడరాదు.

ఆట ముగిసినంతనే మార్కరు గొట్టపు మూతికి గుడ్డసంచి తొడుగుట మఱియొక నియమము. పొరపాటున గుళిక వెలువడినను ఆ సంచిలోనే నిలిచిపోవును. సాధారణముగా దానిని దూరమునుండి చూచువానికిని కనబడునట్టి మెఱయు రంగు గుడ్డతో కుట్టుదురు.