జాగిలం చెబుతుంది... చదవడం మనకు రావాలి

తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్, మే నెలల్లో 21 రోజుల పాటు సాగిన ఆపరేషన్ గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 31 మంది మావోయిస్టులు చనిపోయారని, 450 మందుపాతరలు బయటపడ్డాయని అధికారులు ప్రకటించారు. ఆ లెక్కల మధ్య చిన్న వార్తగా వచ్చి పోయిన పేరు రోలో. సీఆర్పీఎఫ్ 228వ బెటాలియన్‌తో పనిచేసిన బెల్జియన్ మాలినోయిస్ జాగిలం. వయసు రెండేళ్లు. తూటా తగిలి చనిపోలేదు, మందుపాతర పేలీ చనిపోలేదు. గుట్ట మీద తేనెటీగల గుంపు ఒక్కసారిగా వచ్చి పడింది. హ్యాండ్లర్లు పాలిథిన్ పట్టా కప్పి కాపాడబోయారు. ఈగలు పట్టా లోపలికీ దూరాయి. నొప్పి, బెదురు తట్టుకోలేక రోలో పట్టా విదిలించుకుని బయటికి దూకింది. సుమారు 200 చోట్ల కుట్టాయి. చికిత్సకు తరలిస్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. ఆ తర్వాత సీఆర్పీఎఫ్ డైరెక్టర్ జనరల్ ప్రశంసా పతకం ప్రకటించారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పట్టా కప్పిన జవాన్లు తమ ఒళ్లు తేనెటీగలకు అప్పగించి మరీ ఆ పని చేసి ఉంటారు. కానీ ఈ చావు ఒక విషయం గుర్తుచేస్తుంది. ఎంత శిక్షణ పొందినా జాగిలం జంతువే. భయమేస్తే ఇరుకు చోటి నుంచి బయటపడాలనుకోవడం దాని సహజగుణం. తుపాకీ మోతకు అలవాటు చేయొచ్చు, హెలికాప్టర్ ఎక్కించొచ్చు, మంటల పక్క నుంచి నడిపించొచ్చు. ముందుగా ఊహించి అలవాటు చేయని సంఘటన ఎదురైనప్పుడు మాత్రం అది మన మాట వినదు, తన ఒంటి మాట వింటుంది. జాగిలాన్ని ‘ఆస్తి’గా, ‘బలగాన్ని పెంచే సాధనం’గా రాసుకునే భద్రతా పత్రాల్లో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

ముక్కు ఒక్కటే చాలదు

మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు యాభై, అరవై లక్షలుంటే కుక్కకు ఇరవై కోట్లకు పైనే ఉంటాయని చెబుతారు. వాసన చూసేటప్పుడు కుక్క సెకనుకు అయిదారుసార్లు చిన్న చిన్న ఊపిర్లు తీస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి కొత్త వాసన చెదిరిపోదు. ఇంతవరకూ స్కూలు పిల్లలకూ తెలుసు. అడవిలో లెక్కకు వచ్చేది వేరే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వేడిని నోరు తెరిచి రొప్పుతూ వదిలించుకోవాలి. రొప్పుతున్న కుక్క సరిగా వాసన చూడలేదు. అంటే ఏప్రిల్ ఎండలో, బండరాళ్ల గుట్ట మీద, నీళ్లు దొరకని చోట జాగిలం అలసిపోతే బాధపడేది అదొక్కటే కాదు. వెనక వస్తున్న జవాన్లందరి ప్రాణాలూ పణంగా ఉంటాయి. అది ముక్కు కింద పెట్టుకుని నడుస్తూనే ఉంటుంది, చూసేవాళ్లకు పని చేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ దారి తనిఖీ అయినట్టు కాదు. అందుకే మంచి హ్యాండ్లర్ గడియారం కంటే నాలుకను ఎక్కువగా చూస్తాడు. నాలుక వెడల్పుగా, పొడవుగా వేలాడుతోందంటే ఆపి, నీడకు తీసుకెళ్లి, నీళ్లిచ్చి, అరికాళ్లు తడిపి, ఆ తర్వాతే ముందుకు. వెనకనున్న కమాండర్ తొందరపెడుతున్నా సరే. ఆ మాట చెప్పగలిగే చనువు, ధైర్యం ఆ జవానుకు ఉండాలి. అది దొరకడమే కష్టం.

మందుపాతర వాసన తగిలితే జాగిలం అరవదు, కాలితో గీకదు. కూర్చుంటుంది, లేదా పడుకుంటుంది. గీకితే పేలిపోతుంది కాబట్టి అలాగే నేర్పుతారు. అయితే అనుభవమున్న హ్యాండ్లర్ అది కూర్చునే దాకా ఆగడు. కూర్చోవడానికి ముందే తోక ఊపే వేగం మారుతుంది. తల ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. నోరు మూసుకుంటుంది, ఊపిరి చప్పుడు మారుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో గొలుసు బిగించగలిగితే చాలు. ప్రతి జాగిలానికీ ఈ మార్పు ఒక్కో తీరులో ఉంటుంది. పుస్తకంలో దొరకదు. తిండి పెట్టి, దువ్వెన పెట్టి, చెవులు తుడిచి, గోళ్ల మధ్య ముళ్లు తీసి, నెలల తరబడి దాని పక్కన గడిపినవాడికే తెలుస్తుంది. అందుకే ఒక జాగిలానికి ఒక మనిషి అన్న పద్ధతి. హ్యాండ్లర్‌ను ఉన్నట్టుండి బదిలీ చేస్తే ఆ జంట విలువ పోతుంది, ఇద్దరినీ మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఈ అనుబంధానికి ఒక చిక్కు కూడా ఉంది. మనం కుక్కను చదివినట్టే అదీ మనల్ని చదువుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పసిగట్టే 18 జాగిలాలను వాటి హ్యాండ్లర్లతో కలిపి ఒక చర్చి భవనంలో వెతికించారు. అక్కడ అసలేమీ దాచలేదు. కానీ ఎర్ర కాగితం అంటించిన చోట వాసన ఉందని హ్యాండ్లర్లకు చెప్పారు. మొత్తం 144 సార్లు వెతికితే, ఒక్క తప్పుడు సంకేతమైనా లేకుండా ముగిసినవి 21 మాత్రమే. హ్యాండ్లర్ అక్కడ అడుగు నెమ్మదించడం, గొలుసు కాస్త వదులు చేయడం, కళ్లు అటు తిప్పడం కుక్కకు చాలు. యజమానిని మెప్పించడమే దాని పని కదా!

మన దగ్గర బాంబు బెదిరింపు ఫోన్లు, ఈమెయిళ్లు రాని వారం ఉండటం లేదు. విమానాశ్రయాల్లో, స్కూళ్లలో జాగిలం ఒక చుట్టు తిరిగి వెళ్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం. ఎక్కడ ఏం దాచారో హ్యాండ్లర్‌కు కూడా తెలియకుండా పెట్టే పరీక్షలు ఎంత తరచుగా జరిగితే ఆ చుట్టుకు అంత విలువ.

మీరట్ నుంచి మొయినాబాద్ దాకా

సైన్యంలో జాగిలాల బాధ్యత రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ది. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కంటోన్మెంట్‌లో దాని శిక్షణ కేంద్రం 1960 నుంచి పనిచేస్తోంది. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గరి టేకన్‌పుర్‌లో, సీఆర్పీఎఫ్‌కు బెంగళూరు శివార్లలోని తరలులో కేంద్రాలున్నాయి. తెలంగాణ పోలీసులకు మొయినాబాద్‌లో ఉంది. రోలో తరలులో తయారైన జాగిలమే.

కశ్మీర్‌లో సైన్యం వాడే దాడి జాగిలాల పని మరింత ప్రమాదకరం. ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి ముందు అదే వెళ్తుంది. 2022 జులైలో బారాముల్లా జిల్లాలో యాక్సెల్ అలా వెళ్లి తూటాలకు బలైంది. అదే ఏడాది అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో జూమ్‌కు రెండు తూటాలు తగిలినా వెనక్కి తగ్గలేదని సైన్యం చెప్పింది. శ్రీనగర్‌లోని పశువైద్యశాలలో శస్త్రచికిత్స జరిగింది, కోలుకుంటోందన్నారు, అక్టోబరు 13న చనిపోయింది. దాని వయసూ రెండేళ్లే. 2024 అక్టోబరులో అఖ్నూర్‌లో ఫాంటమ్. యాక్సెల్‌కు, జూమ్‌కు మరణానంతరం ‘మెన్షన్ ఇన్ డిస్పాచెస్’ గౌరవం దక్కింది. ఆ గౌరవాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఇలాంటి ప్రతి మరణం తర్వాతా అడగాల్సినవి కొన్నున్నాయి. తల, గొంతు, వెనక కాళ్లను కూడా కాపాడే తేలికైన కవచం మన వాతావరణానికి తగ్గట్టు ఎందుకు తయారు కాదు? మొదట చిన్న రోబోనో, డ్రోన్‌నో పంపి, ఆ తర్వాత జాగిలాన్ని పంపడం ఎన్ని చోట్ల సాధ్యం? నివాళి సందేశాలు రాసేవాళ్లు ఈ ప్రశ్నల జోలికి వెళ్లరు.

సైన్యంలో బాగుందని ఇంటికి తేవద్దు

ఈ వార్తలకు అనుకోని ఫలితం ఒకటుంది. 2011లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడికి అమెరికా కమాండోలు తీసుకెళ్లిన కైరో, ఆ తర్వాత మన జూమ్, యాక్సెల్... ఇవన్నీ మాలినోయిస్‌కు వీరకుక్కగా పేరు తెచ్చాయి. ఇప్పుడు నగరాల్లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్లలో కూడా ఆ జాతిని కొంటున్నారు. రోజంతా పరుగు, పని లేకపోతే నిలవలేని జాతి అది. కదిలేదాన్ని తరమడం, నోటితో పట్టి వదలకపోవడం దాని రక్తంలో ఉన్న గుణాలు. సైనికుడి చేతిలో అవి బలం. ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట తిప్పే ఇంట్లో అవే ముప్పు. సైకిల్ తొక్కుతున్న పక్కింటి పిల్లాడు దానికి పరుగెత్తే వేట. ఆ పిల్లాడిని కరిస్తే నిందంతా కుక్క మీద పడుతుంది, కొన్నవాడి మీద కాదు.

హ్యాండ్లర్లకు నేర్పే పాఠంలో సగమైనా ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు, లేనివాళ్లూ నేర్చుకుంటే మంచిది. తోక ఊపితే స్నేహమే అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒళ్లంతా వదులుగా కదులుతూ ఊపడం వేరు, ఒళ్లు బిగబట్టి తోక పైకెత్తి ఆడించడం వేరు. నిద్ర రాకుండానే ఆవలించడం, తిండి లేకుండానే మూతి నాక్కోవడం, మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం... ‘నాకు ఇబ్బందిగా ఉంది, దూరంగా ఉండు’ అని చెప్పడమే. పిల్లలు మెడ చుట్టూ చేతులేసి ఫొటోలు దిగుతున్నప్పుడు కుక్కల మొహాలు గమనించండి. గుర్రుమంటే కొట్టేవాళ్లున్నారు. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు తాకొద్దు. వీధికుక్క వెంటపడితే పరుగెత్తకుండా నిలబడి, కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి జరగాలి. రైల్వేస్టేషన్లో పోలీసు జాగిలం కనిపిస్తే ముద్దొచ్చిందని చెయ్యి చాపకండి. అది డ్యూటీలో ఉంది.

2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలు దాటాయి. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో రెండు ఉత్తర్వులు, నవంబరులో మరొకటి ఇచ్చింది. వాటి మీద వాదన టీవీల్లో నడుస్తూనే ఉంది. ఆ గొడవలో కొట్టుకుపోకూడనిది ఒకటే. కరిచిన వెంటనే సబ్బు, ధారగా పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు గాయాన్ని కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. కారం, పసుపు అద్దకూడదు. గాయం లోతుగా ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కరిచింది టీకా వేసిన పెంపుడు కుక్కే అయినా డాక్టరును అడగకుండా వదిలేయొద్దు.

మన జాతుల మాట

కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ వేటకుక్కలను 2016లో సైన్యం పరీక్షించడానికి మీరట్ తీసుకెళ్లింది. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని వాటితో పాటు రాజపాళయం, కన్ని, చిప్పిపరై, కొంబై పేర్లు చెప్పాక గిరాకీ పెరిగింది. బీఎస్ఎఫ్ టేకన్‌పుర్‌లో ముధోల్, రాంపుర్ జాతులకు శిక్షణ ఇస్తోంది. ఎండకు తట్టుకోవడం, జబ్బులు తక్కువ కావడం వీటి బలం. అయితే ఇవి తరతరాలుగా కంటితో చూసి పరుగెత్తి పట్టే వేటకు పెంచినవి. ముక్కు పనిలో, మనిషి మాట విని ఓపిగ్గా గది గది వెతకడంలో లాబ్రడార్‌కున్న తీరు వీటికి పుట్టుకతో రాదు. ఒక్కో కుక్కను ఎంచి చూసుకోవాలి. స్వదేశీ అన్న మాట మీద ప్రేమతో తొందరపడితే నష్టపోయేది గస్తీ దళం.

లాబ్రడార్ల గురించి చెప్పాలంటే 2023 ఫిబ్రవరి చాలు. తుర్కియే భూకంప శిథిలాల్లో జాతీయ విపత్తు స్పందన దళం జాగిలాలు రోమియో, జూలీ ఆరేళ్ల పాప బతికి ఉందని పసిగట్టాయి.

పదవీ విరమణ తర్వాత

ఎనిమిది, పదేళ్లకు జాగిలం పని ముగుస్తుంది. మోకీళ్లు అరుగుతాయి, చూపు మందగిస్తుంది. పనికిరాని జాగిలాలను సైన్యం కారుణ్య మరణం పేరిట చంపేస్తోందన్నది 2015లో సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబుతో బయటపడింది. దుమారం రేగింది, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది, విధానం మారింది. ఇప్పుడు మీరట్‌లో వృద్ధ జాగిలాలకు ఆశ్రయం ఉంది, దత్తత కూడా ఇస్తున్నారు. అమెరికా ఈ పని 2000లో చట్టం చేసి మొదలుపెట్టింది.

దత్తత తీసుకునేవాళ్లకు దేశభక్తి ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ కుక్క జీవితమంతా వేళకు తిని, వేళకు పని చేసి, ఒక్క గొంతు వింటూ బతికింది. కొత్త ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా, దీపావళి టపాసు పేలినా ఉలిక్కిపడొచ్చు. కొన్ని వారాలు సరిగా తినకపోవచ్చు. కరవడం నేర్పిన జాగిలమైతే పిల్లలున్న ఇంటికి అసలు పనికిరాదు. కీళ్ల మందులకు నెలనెలా ఖర్చుంటుంది. వీలైతే మొదటి హక్కు హ్యాండ్లర్‌కే ఇవ్వాలి. కానీ సొంతూరి నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరంలో బ్యారక్‌లో ఉండే కానిస్టేబుల్ దాన్ని ఎక్కడ ఉంచుతాడు, డాక్టరు ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? పని చేసినన్నాళ్లూ దాని తిండికి, మందుకు నిధులుంటాయి. పేరు జాబితాలోంచి తీసిన మర్నాటి నుంచి ఉండవు. దత్తత తీసుకున్న ఇంటికి చివరిదాకా ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగా మందులిచ్చే చిన్న ఉత్తర్వు రాష్ట్ర పోలీసు శాఖలే ఇవ్వొచ్చు. ఒక్కో రాష్ట్రంలో ఏటా అలా విరమించే జాగిలాలు ఎన్ని ఉంటాయి గనక!