పెద్దల యాత్రకు అద్దె వాహనమా.. నంబరు ప్లేటు చూడండి

ఉద్యోగ విరమణ చేసిన దంపతులు నలుగురైదుగురు కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని కాశీకో, రామేశ్వరానికో బయలుదేరడం పరిపాటి. అద్దె తక్కువని వ్యక్తిగత వాహనం ఎక్కితే మాత్రం అసలుకే ఎసరు.

తెల్లని ప్లేటుపై నల్లని అక్షరాలుంటే అది సొంత అవసరాలకు నమోదైన వాహనం. దానిని అద్దెకు తిప్పడం మోటారు వాహనాల చట్టం-1988కు విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇదే కారణం చూపి బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశముంది. అద్దె వాహనానికి పసుపు ప్లేటుపై నల్లని అక్షరాలుంటాయి. విద్యుత్ వాహనమైతే ఆకుపచ్చ ప్లేటుపై పసుపు అక్షరాలు.

అడ్వాన్సు ఇచ్చేముందు ఎం-పరివాహన్ యాప్‌లో వాహన నంబరు కొడితే బీమా, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. రాష్ట్రం దాటేందుకు పర్మిట్ చెల్లుతుందో లేదో యజమాని వద్ద పత్రం చూసి నిర్ధారించుకోవాలి. కిలోమీటరు ధర, డ్రైవరు బత్తా, టోల్ ఎవరు భరించాలన్నది కాగితంపై రాయించుకోవాలి.

చట్ట ప్రకారం డ్రైవరుకు సాధారణంగా రోజుకు 8 గంటలే పని. అంతకు మించిన ప్రయాణానికి రెండో డ్రైవరును కోరాలి. లేదా రాత్రి బస చేయాలి.

రెండు గంటలకోసారి బండి ఆపించి నాలుగడుగులు నడవాలి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు వయసుతోపాటు పెరుగుతుంది. మందులను టాప్‌పై సామానులో కాక చేతిసంచిలోనే ఉంచుకోవాలి.