కాన్పుకు వెళ్ళే అమ్మాయి, వెంట ఉండవలసిన కార్డు



మన సరిహద్దు జిల్లాల్లో మెట్టినిల్లు ఒక రాష్ట్రం, పుట్టినిల్లు మరో రాష్ట్రం కావడం మామూలే. తొలికాన్పుకు బళ్ళారి కోడలు అనంతపురం వెళ్తుంది, రాయగడ కోడలు పార్వతీపురం వస్తుంది. పసుపు కుంకుమ, చీర, పళ్ళు ఎవరూ మరచిపోరు. ఆసుపత్రి కార్డు మాత్రం అత్తవారింటి గూట్లోనే ఉండిపోతుంది. ఆ కార్డు ఎందుకంత ముఖ్యమో ఈవేళ చెప్పుకుందాం.

గర్భిణికి తొలి నెలల్లో చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్-బి పరీక్ష ఒకటి. ఇది కాలేయానికి పట్టే వైరస్. "నాకు కామెర్లు లేవు కదా, ఈ పరీక్ష ఎందుకు?" అని మీరు అడగవచ్చు. ఈ వైరస్ ఉన్నవారిలో చాలామందికి కళ్ళు పచ్చబడవు. రక్తం చూస్తేనే తెలుస్తుంది. కాన్పు సమయంలో ఇది తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మందికి పైగా దానంతటదే పోతుంది. పుట్టుకలో సోకిన పిల్లలకైతే పదిమందిలో తొమ్మిదిమందికి నిలిచిపోతుంది. వారిలో కొందరికి పెద్దయ్యాక కాలేయం గట్టిపడుతుంది, క్యాన్సరు కూడా రావచ్చు.

దీన్ని అడ్డుకునే మార్గం ఉంది. ప్రతి బిడ్డకూ పుట్టిన 24 గంటల్లోగా తొడకు టీకా వేయాలి. తల్లికి వైరస్ ఉందని తెలిస్తే, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఆ మందు అన్నిచోట్లా సిద్ధంగా ఉండదు, ముందే తెప్పించాలి. తల్లి రక్తంలో వైరస్ మరీ ఎక్కువగా ఉంటే గర్భంతో ఉండగానే మాత్రలు ఇస్తారు. ఆ తర్వాత బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు తప్పకూడదు. తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

ఇవన్నీ వేళకు జరగాలంటే కాన్పు చేసే డాక్టరమ్మకు ఫలితం తెలియాలి కదా! కార్డు కన్నడంలోనో, ఒడియాలోనో ఉందని సంకోచించకండి. పరీక్ష పేరు, ఫలితం సాధారణంగా ఇంగ్లీషులోనే రాస్తారు. రాయకపోతే బయలుదేరే ముందు అడిగి రాయించుకోండి. కార్డు పోతే మళ్ళీ పరీక్ష చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

అత్తమ్మలకు ఒక మాట. వైరస్ ఉందని తేలితే కోడలిని నిందించకండి. అది ఆమెకు పసితనంలోనే వచ్చి ఉండవచ్చు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. ఆమె భర్త, ఇంట్లోవాళ్ళు పరీక్ష చేయించుకుని, అవసరమైతే టీకాలు వేయించుకుంటే చాలు.

అమ్మాయి బస్సెక్కేముందు సంచిలో కార్డు ఉందో లేదో ఒక్కసారి చూడండి. సెలవు.