గొలుసు రంపం క్రాంక్‌కేసులో గాలి లీకు

పెట్రోలుతో నడిచే గొలుసు రంపం (చైన్ సా) ఇంజనులో క్రాంక్ షాఫ్టు తిరిగే గదిని క్రాంక్‌కేసు అంటారు. దీని అతుకుల గుండా బయటి గాలి లోనికి చొరబడటమే గాలి లీకు. పాత రంపాలలో ఇది తరచుగా కనిపించే లోపం. సకాలంలో సరిచేయకపోతే పిస్టను, సిలిండరు రెండూ పాడవుతాయి.

సికింద్రాబాదులో వేసవి గాలివానలకు కూలిన చెట్లను తొలగించడానికి ఈ రంపాలను వాడతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు నేలకూలాయి. అటువంటి సమయాలలో దారులు తెరవడానికి ఇవే ఆధారం. రెండు స్ట్రోకుల పాత బజాజ్ చేతక్ స్కూటర్లలో కూడా ఇదే సూత్రం ఉన్నందున, వాటిని బాగుచేసిన మెకానిక్కులకు ఈ లోపం పరిచితమే.

లోపం ఏర్పడే విధానం

రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌కేసు ఒక పంపు వలె పనిచేస్తుంది. పిస్టను పైకి పోయినప్పుడు అందులో పాక్షిక శూన్యం ఏర్పడి, కార్బొరేటరు నుండి గాలి, పెట్రోలు, ఆయిలు కలిసిన మిశ్రమం లోనికి వస్తుంది. పిస్టను క్రిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం సిలిండరులోనికి నెట్టబడుతుంది. లీకు ఉంటే అదనపు గాలి చేరి మిశ్రమం పలుచబడుతుంది. పెట్రోలులో కలిపిన ఆయిలే ఈ ఇంజనుకు కందెన. కావున ఇంధనం పాలు తగ్గితే కందెన కూడా తగ్గి, వేడి పెరిగి, పిస్టను పట్టేస్తుంది.

కారణాలు

* క్రాంక్ షాఫ్టు రెండు చివరల ఉండే ఆయిల్ సీళ్ళు గట్టిపడటం, అరగడం
* క్రాంక్‌కేసు లేదా సిలిండరు అడుగున ఉండే ప్యాకింగు చెడిపోవడం
* కార్బొరేటరును సిలిండరుకు కలిపే రబ్బరు గొట్టం పగలడం

లక్షణాలు

యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం వెంటనే తగ్గదు. ఖాళీగా నడిచేటప్పుడు వేగం నిలకడగా ఉండదు, గొలుసు దానంతట అదే తిరగవచ్చు. ఇది రంపం పట్టుకున్న వారికి ప్రమాదకరం.

ఈ స్థితిలో కార్బొరేటరు మరను త్రిప్పి మిశ్రమాన్ని చిక్కబరచడం పలువురు చేసే పని. దానివలన ఇంజను కొంతసేపు సర్దుకున్నట్లు తోచినా, వేడిని, వేగాన్ని బట్టి చొరబడే గాలి మారుతూ ఉంటుంది కనుక ఆ అమరిక నిలువదు. కావున ముందు పరీక్ష, తరువాతనే సర్దుబాటు జరగాలి.

పరీక్ష

సైలెన్సరును, కార్బొరేటరును విప్పి, ఆ ద్వారాలను రబ్బరు ముక్కలతో బిగించి మూయాలి. స్పార్క్ ప్లగ్గు బిగించే ఉండాలి. చిన్న చేతిపంపుతో సుమారు 0.5 బార్ ఒత్తిడి ఎక్కించి 20 సెకండ్లు గమనించాలి. ముల్లు పడిపోతే అతుకులపై సబ్బునీరు పూయాలి. బుడగలు వచ్చిన చోటే లీకు ఉన్నట్లు. తరువాత గాలిని బయటకు లాగి, శూన్యం నిలుస్తుందో లేదో చూడాలి. లోపలి ఒత్తిడికి సీలు అంచు షాఫ్టును గట్టిగా అంటుకొంటుంది కనుక, అరిగిన సీలు మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో పట్టుబడవచ్చు.

మరమ్మతు

సీళ్ళు మార్చడానికి ఒకవైపు ఫ్లైవీలును, మరొకవైపు క్లచ్చిని తీయాలి. సాధారణంగా క్లచ్చికి ఎడమ మర ఉంటుంది. పాత సీలును తీసేటప్పుడు షాఫ్టుపై గీతలు పడకూడదు. కొత్త సీలుకు కొద్దిగా నూనె పూసి, దాని అంచు క్రాంక్‌కేసు లోపలి వైపు ఉండేలా సమంగా కూర్చాలి. క్రాంక్‌కేసు ప్యాకింగు పోయినట్లయితే ఇంజనును పూర్తిగా విప్పక తప్పదు.

బిగించిన పిదప రెండు పరీక్షలూ తిరిగి చేసి, అప్పుడే కార్బొరేటరును సర్దాలి. ఇంజను ఖాళీగా నడిచేటప్పుడు గొలుసు కదలకుండా ఉంటేనే రంపాన్ని పనికి వాడాలి.