రూపం, నేపథ్యం: ఖాళీ స్థలం చేసే పని

గత యూనిట్‌లో రేఖ, ఆకారం, వర్ణం గురించి చదువుకున్నారు. అవన్నీ మనం కాగితం మీద పెట్టేవి. ఈ యూనిట్‌లో మనం పెట్టకుండా వదిలేసే భాగాన్ని పరిశీలిద్దాం. స్థలం కూడా దృశ్యకళలో ఒక మూలకమే అయినా, చాలామంది విద్యార్థులు దాన్ని బొమ్మ వేయగా మిగిలిన చోటుగానే చూస్తారు. పోస్టరు తయారుచేయమని అసైన్‌మెంట్ ఇస్తే నాలుగు మూలలూ నింపి పంపడానికి ఈ అభిప్రాయమే కారణం.

ఒక కాగితం మీద 'పంట' అని, దాని పక్కనే 'వంట' అని రాయండి. 'ప'లో తలకట్టు అక్షరానికి తగలదు. రెండింటి నడుమ సన్నని ఖాళీ ఉంటుంది. 'వ'లో తలకట్టు అక్షరంతో కలిసిపోతుంది. ఈ రెండు అక్షరాల తేడా చాలావరకు ఇక్కడే ఉంది. ఇప్పుడు 'పంటల ప్రదర్శన' అని ఎవరో గోడ మీద లావుపాటి కుంచెతో రాశారనుకుందాం. రంగు కాస్త ఎక్కువై ఆ ఖాళీ పూడిపోతే, రోడ్డు మీద పోయేవారు 'వంటల ప్రదర్శన' అని చదువుకుంటారు. రావలసిన రైతు తనకు సంబంధించింది కాదనుకుని వెళ్లిపోతాడు. వేలెడంత ఖాళీ పోయినందుకు అర్థమే మారిపోయింది.

4.1 కన్ను చేసే విభజన

మన కన్ను దేనిని చూసినా ముందుగా దాన్ని రెండు భాగాలు చేసుకుంటుంది. దృష్టి నిలిచే భాగాన్ని రూపం అంటారు. దాని వెనుక పరచుకున్నట్లు తోచే భాగాన్ని నేపథ్యం అంటారు. డెన్మార్క్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్ని వివరంగా చర్చించాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన బొమ్మను మీరు ఎక్కడో చూసే ఉంటారు. మధ్య భాగాన్ని చూస్తే పూలకూజా కనిపిస్తుంది. ఇరువైపులా ఉన్న భాగాలను చూస్తే ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలు కనిపిస్తాయి. రెండింటినీ ఒకేసారి రూపంగా చూడటం సాధ్యం కాదు. వాటి మధ్య ఉన్న అంచు ఒక్కటే. మనం రూపంగా ఎంచుకున్న భాగానికే ఆ అంచు చెందినట్లు, రెండో భాగం దాని వెనుక కొనసాగుతున్నట్లు అనిపిస్తుంది.

రూపం ఆక్రమించిన చోటును ధనాత్మక స్థలమని, దాని చుట్టూ, దాని మధ్య ఉన్న ఖాళీని ఋణాత్మక స్థలమని వ్యవహరిస్తారు. 'ఋణాత్మక' అన్నారు కదా అని దాన్ని లోపంగా భావించకండి. గణితంలో లాగే ఇక్కడ కూడా అది ఒక గుర్తింపు మాత్రమే.

4.2 రెండు ఉదాహరణలు

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు మన ప్రాంతంలో కథలు చెప్పేవారి కోసం పుట్టినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ ఒక్కో ఘట్టాన్ని చూపుతూ కథ నడిపిస్తారు. గుడ్డకు చింతగింజల గంజి, తెల్లమట్టి, జిగురు కలిపిన పూత పూసి, దాని మీద బొమ్మలు వేస్తారు. ఈ పటాల్లో బొమ్మల వెనుక సాధారణంగా ముదురు ఎరుపు పరచుకుని ఉంటుంది. దూరదృశ్యం, నీడలు, లోతు వంటివి కనిపించవు. ఆ ఎరుపు మీద పసుపు, నీలం, తెలుపు రంగుల మనుషులు ముందుకు వచ్చినట్లు కనబడతారు. కాబట్టి జనం వెనుక వరుసలో కూర్చున్నవారు కూడా ఎవరు ఎవరో పోల్చుకోగలరు. నేపథ్యం అంటే తెల్లగా ఉండాలన్న నియమమేదీ లేదని దీన్నిబట్టి గ్రహించండి.

దీనికి పూర్తిగా భిన్నమైనవి బాపు (1933–2014) పత్రికలకూ పుస్తకాలకూ వేసిన బొమ్మలు. వాటిలో అనేకచోట్ల గోడ ఉండదు, నేల ఉండదు. తల వంచిన తీరు, జడ, చీర చెరగు మాత్రం ఉంటాయి. చీర కుచ్చిళ్లు ముగిసిన చోట నేల ఉందని మన కన్నే ఊహించుకుంటుంది. గీత ఎక్కడ ఆపాలో తెలిసినవాడు వదిలిన ఖాళీ అది. గీయడం చేతగాక వదిలిన ఖాళీ అలా పలకదు. ఈ తేడాను అభ్యాసంతో మాత్రమే గుర్తించగలరు.

4.3 పోస్టరులో ఖాళీ

ఉచిత కంటి పరీక్షల శిబిరానికి పోస్టరు కావాలనుకుందాం. సాధారణంగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. పైన అతిథుల ఫొటోలు, చుట్టూ పూల అంచు, అడుగున ఇరుకుగా తేదీ, స్థలం. ఆ పోస్టరు చూడవలసినవారు చూపు మందగించినవారన్న సంగతిని అందరూ మరచిపోతారు. తేదీకి, స్థలానికి చుట్టూ తగినంత ఖాళీ ఇస్తే అవి రూపంగా నిలుస్తాయి. మిగిలిన వివరాలు చిన్నవైనా నష్టం లేదు.

రంగుల ఎంపికలోనూ ఇదే సూత్రం. తెలుపు మీద పసుపు అక్షరాలు రాస్తే రూపం నేపథ్యంలో కలిసిపోతుంది. మన ఆటోల, టాక్సీల నంబరు పలకలను చూడండి. పసుపు మీద నలుపు దూరానికి కూడా ఎంత స్పష్టంగా ఉంటుందో గమనించవచ్చు.

తెలుగు రాసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మన లిపిలో గుడి, ఏత్వం అక్షరం పైకి వెళతాయి, వత్తులు కిందికి దిగుతాయి. 'రాష్ట్ర' వంటి మాటలో వత్తులు రెండు. పంక్తుల మధ్య దూరం తగ్గిస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. ఇంగ్లిష్ కోసం తయారుచేసిన నమూనాలో తెలుగు నింపినప్పుడు ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. అక్షరాల పరిమాణం ఒక మెట్టు తగ్గించైనా సరే, పంక్తుల మధ్య ఖాళీని కాపాడండి.

అభ్యాసం

1. ఇంట్లో ఉన్న కుర్చీని ఎదురుగా పెట్టుకోండి. కుర్చీని గీయవద్దు. కాళ్ల మధ్య, చేతుల కింద, వీపు పట్టీల నడుమ కనిపించే ఖాళీల ఆకారాలను మాత్రమే గీసి నల్లగా నింపండి. కుర్చీ తనంతట తానుగా కనబడితే మీ పరిశీలన సరైనదే.

2. మీ ఊళ్లో గోడ మీద ఉన్న ఏదైనా ఒక ప్రకటనను ఇరవై అడుగుల దూరం నుంచి చూడండి. ముందుగా ఏ మాట కనబడిందో, కనబడవలసిన మాట ఏదో రాసుకోండి. రెండూ వేరైతే, అవే మాటలతో, అదే కొలతలో దాన్ని మళ్లీ అమర్చి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.